ఇంటికి చేరాల్సింది మనిషొక్కడే కాదు, కారు కూడా

డిసెంబర్ 31 రాత్రి ఒంటిగంట దాటింది. పార్టీ ముగించుకుని బయటికొచ్చినవాడు కారు పక్కన నిలబడి జేబులో తాళం తడుముకుంటున్నాడు. ఆ అర నిమిషంలో అతని బుర్రలో తిరిగేది ప్రాణభయం కాదు, పోలీసుల భయం కూడా అంతంత మాత్రమే. "కారిక్కడే వదిలేస్తే పొద్దున్నే మళ్లీ ఎవరొస్తారు? ఈలోగా టోయింగ్ వాళ్లు ఎత్తుకుపోతే? అయినా ఇల్లెంత దూరమని, పదిహేను నిమిషాలేగా!" ఈ లెక్కల్లో క్యాబ్ ఛార్జీ వంతు ఎక్కడో చివర్లో వస్తుంది.

పండగ రాత్రుల్లో తాగినవాళ్లని ఉచితంగా ఇంటికి చేర్చే సర్వీసులు అమెరికా, కెనడాల్లో నలభై ఏళ్లుగా ఉన్నాయి. క్యాబ్ కూపన్లిచ్చేవి కొన్ని, బస్సులు ఫ్రీగా తిప్పేవి కొన్ని. కారునీ మనిషినీ కలిపి ట్రక్కులో మోసుకెళ్లేవి ఉన్నాయి. వలంటీర్లు వచ్చి, మీ కారు మీ ఇంటి ముందు పెట్టి, తాళం మీ చేతికిచ్చి వెళ్లేవీ ఉన్నాయి. "తాగారా? నడపకండి, మేం దింపుతాం" అన్నది అందరి నోటా ఒకటే మాట. కానీ కాస్త తరచి చూస్తే ఒక్కో సర్వీసు ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతోందని తెలుస్తుంది. కారు పక్కన నిలబడ్డ మనిషి అడుగుతున్న ప్రశ్నకి మాత్రం కొన్నిటి దగ్గరే జవాబుంది.

ముందు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలియకపోతే ఈ సర్వీసులు ఎందుకు అవసరమో అర్థం కాదు. రక్తంలోకి చేరిన ఆల్కహాల్‌ని వదిలించే పని చాలావరకు కాలేయానిది, దాని వేగం దానిది. రక్తంలో ఆల్కహాల్ శాతం సగటున గంటకి 0.015 చొప్పున తగ్గుతుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుందంతే. కాఫీ తాగినా, నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకున్నా నిద్రమత్తు వదలొచ్చేమోగానీ ఈ వేగం పెరగదు. పైగా ఆఖరి గ్లాసు ఖాళీ చేసిన క్షణానికి మత్తు ఇంకా పూర్తిగా ఎక్కి ఉండదు. రక్తంలో పతాక స్థాయికి చేరడానికి అర గంట నుంచి గంటన్నర దాకా పట్టొచ్చు. "బానే ఉన్నాను" అనుకుంటూ స్టీరింగ్ పట్టుకున్నవాడికి సగం దారిలో ఎక్కేది అందుకే.

అన్నిటికన్నా చిక్కు ఇంకోటుంది. ఆల్కహాల్ తగలగానే ముందుగా సడలిపోయేది మంచిచెడ్డలు బేరీజు వేసే శక్తి. చేతులు వణకడం, మాట తడబడటం ఆ తరవాతి సంగతి. అంటే "నేను నడపగలనా?" అని అడగాల్సింది ఏ మెదడునో, అది అప్పటికే మత్తులో ఉంది. తాగుబోతు సాక్ష్యం కోర్టులో చెల్లదంటాం, అర్ధరాత్రి మన డ్రైవింగ్ మీద మనమిచ్చుకునే సాక్ష్యాన్ని మాత్రం అప్పీలు లేకుండా నమ్మేస్తాం. అమెరికాలో 2022లో తాగి నడిపిన డ్రైవర్ల వల్ల జరిగిన ప్రమాదాల్లో 13,524 మంది చనిపోయారు. అంటే దాదాపు 39 నిమిషాలకొకరు. వీళ్లలో ఎక్కువమందిని చంపింది ఏదో పండగ రాత్రి కాదు, మామూలు రోజులే. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

ఎర్రముక్కు కథ

ఈ రంగంలో నాకు బాగా నచ్చిన ఆలోచన ఒక లెక్కల మాస్టారిది. కెనడాలోని క్యూబెక్ నగరంలో లావాల్ యూనివర్సిటీ గణిత ప్రొఫెసర్ జాన్-మారీ డి కొనింక్. సంఖ్యల సిద్ధాంతం (నంబర్ థియరీ) ఆయన విషయం, దాంతోపాటు అప్పట్లో యూనివర్సిటీ ఈత జట్టుకి కోచ్ కూడా. జట్టుని నడపడానికి ఎప్పుడూ డబ్బు కావాలి. మరోపక్క, తాగి నడిపేవాళ్లలో చాలామంది అలా చేసేది కారు ఇంటికి చేరాలనే అన్న సంగతి ఆయన బుర్రలో పడింది. రెండూ కలిపి 1984లో 'ఒపెరాసియోఁ నే రూజ్' మొదలుపెట్టారు. తెలుగులో చెప్పాలంటే 'ఎర్రముక్కు దళం'. దానికి గుర్తు క్రిస్మస్ కథల్లో తాత బండి లాగే ఎర్రముక్కు ధ్రువపు జింక. తాగినవాడి ముక్కు కూడా ఎర్రబడుతుంది కాబట్టి పేరు రెండు రకాలుగా అతికింది.

మిగతావాళ్లంతా మనిషిని కారు నుంచి విడదీయాలని చూస్తే ఈయన ఇద్దరినీ కలిపే ఇంటికి పంపాలనుకున్నారు. దళం పని చేసే తీరు చూడండి. ఫోన్ రాగానే ముగ్గురు వలంటీర్లు ఒక కార్లో బయల్దేరతారు. చెప్పిన చోటికి చేరాక ఇద్దరు దిగుతారు. ఒకరు కస్టమర్ కారు తాళం తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చుంటారు. రెండోవారు పక్క సీట్లో కూర్చుని దారి చూసుకుంటూ, కాగితాల పని చేసుకుంటూ, కస్టమర్ చెప్పే కబుర్లకి ఊఁ కొడుతూ ఉంటారు. కారు యజమాని తన కార్లో తానే ప్రయాణికుడు. మూడోవారు తాము వచ్చిన కారుని వెనకే నడుపుకుంటూ వస్తారు. లేకపోతే మంచు కురిసే రాత్రి ఎవరింటి ముందో దిగిపోయిన ఆ ఇద్దరూ తిరిగెళ్లేదెలా?

ఆ మూడో మనిషి, ఆ వెనక కారు, ఈ కథ మొత్తం అక్కడే ఉంది. ఒక్క తాగినవాడిని ఇంటికి చేర్చడానికి ముగ్గురు మనుషులు, రెండు కార్లు. ఏ వ్యాపారి చూసినా "ఇది గిట్టదు" అని లేచిపోతాడు. జీతాలిచ్చి ఫ్రీగా నడపాలంటే నిజంగానే గిట్టదు. వలంటీర్లు కాబట్టి, అదీ ఏడాదిలో కొన్ని వారాలే కాబట్టి నడుస్తోంది. నవంబర్ చివర్లో మొదలై డిసెంబర్ 31తో ముగుస్తుంది. సేవకి ధర లేదు, తోచింది ఇవ్వొచ్చు. వచ్చిన విరాళాలు స్థానిక యువజన సంఘాలకీ పిల్లల క్రీడా జట్లకీ వెళ్తాయి. తాగినవాళ్లే కాదు, అలసిపోయి నడపలేననుకున్న ఎవరైనా పిలవొచ్చు. ఇది చిన్న వెసులుబాటులా కనిపిస్తుంది కానీ ఫోన్ చేసినంత మాత్రాన "నేను తాగి ఉన్నాను" అని ఒప్పుకున్నట్టు కాదు కదా! ఆ సిగ్గు అడ్డం తొలగించడం మామూలు విషయం కాదు. ఈ పద్ధతి కెనడాలో ఇతర రాష్ట్రాలకి పాకింది, 1990లో స్విట్జర్లాండ్‌కీ చేరింది.

ఇదే పనిని డబ్బులు తీసుకుని వ్యాపారంగా చేస్తే ఎలా ఉంటుందో జపాన్ చూపిస్తుంది. అక్కడ దీన్ని 'దైకో' అంటారు, బదులు నడపడమని అర్థం. ఇద్దరొస్తారు, ఒకరు మీ కారు నడిపితే ఇంకొకరు వెనక వస్తారు. ఇలాంటి కంపెనీల కోసమే జపాన్‌లో 2002 నుంచి ప్రత్యేక చట్టం అమల్లో ఉంది. కస్టమర్ కారు నడిపేవాళ్లకి మామూలు లైసెన్స్ చాలదు, ప్రయాణికుల్ని తీసుకెళ్లే టాక్సీ డ్రైవర్లకుండే రెండో తరగతి లైసెన్స్ ఉండాలి. 2006లో ఫుకుఒకాలో తాగిన డ్రైవర్ ఒక కుటుంబం కారుని గుద్ది సముద్రంలోకి తోసేశాడు. ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. దాంతో మరుసటేడాది చట్టం బిగించారు. తాగినవాడికి కారిచ్చినవాళ్లనీ, నడుపుతాడని తెలిసీ మందు పోసినవాళ్లనీ, పక్కన ఎక్కినవాళ్లనీ కూడా శిక్షించేలా మార్చారు. చట్టం అంత కఠినంగా ఉన్నచోట దైకోకి గిరాకీ ఉండటంలో వింత లేదు. దక్షిణ కొరియాలోనైతే 'దెరి' డ్రైవర్ ఒక్కడే వస్తాడు, మీ కారు మీ ఇంట్లో పెట్టేసి తరవాతి గిరాకీ వెతుక్కుంటూ కాలినడకనో రాత్రి బస్సులోనో పోతాడు. వెనక కారు ఖర్చు మిగిలింది, ఆ భారం డ్రైవర్ కాళ్ల మీద పడింది.

కూపన్ వెనక చిన్న అక్షరాలు

అమెరికాలో ఎక్కువగా కనిపించేది ఎర్రముక్కు పద్ధతి కాదు, కూపన్ పద్ధతి. వాషింగ్టన్ ప్రాంతంలో 1991 నుంచి నడుస్తున్న 'సోబర్‌రైడ్' దీనికి మంచి ఉదాహరణ. మొదట్లో టాక్సీలతో, తరవాత లిఫ్ట్ క్యాబ్ యాప్‌తో కలిసి పని చేసింది. సెయింట్ పాట్రిక్స్ డే, జూలై 4, హాలోవీన్, సంవత్సరాంతం లాంటి పండగ రోజుల సాయంత్రం ఒక కోడ్ విడుదల చేస్తారు. యాప్‌లో అది కొడితే 15 డాలర్ల దాకా ఉచితం, ఆపైన అయ్యేది మన జేబులోంచే. 21 ఏళ్లు నిండి ఉండాలి. కోడ్ ఇన్ని రైడ్లకని పరిమితి ఉంటుంది.

బార్‌కి దగ్గర్లో ఉండేవాడికి 15 డాలర్లు సరిపోతాయి. జనవరి 1 తెల్లవారుజామున, అందరూ ఒకేసారి బుక్ చేసి రేటు రెండింతలైనప్పుడు, ఊరి చివర ఇంటికి వెళ్లాల్సినవాడికి ఆ 15 డాలర్లు ఏ మూలకీ రావు. అసలు అంత దూరం నుంచి కారేసుకొచ్చింది వాడే, తాగి అంత దూరం నడపబోయేదీ వాడే.

ఇంకో రకం మరీ విచిత్రం. ప్రమాదాల కేసులు వాదించే లాయర్ల ఆఫీసులు చాలా ఊళ్లలో పండగలకి ఉచిత క్యాబ్ ప్రకటిస్తాయి. పద్ధతి ఏమిటంటే క్యాబ్ డబ్బులు ముందు మీరే కట్టాలి, తరవాత రసీదు, గుర్తింపు కార్డు కాపీ పంపిస్తే ఇంత అని పరిమితి మేరకు తిరిగిస్తారు. ఒక్క వైపే, ఇంటికే, ఇంకో బార్‌కి కాదు. ప్రమాదాలతో బతికే వృత్తివాళ్లు ప్రమాదాలు ఆపడానికి డబ్బులివ్వడం చూసి కొందరు నవ్వుతారు. నాకు అందులో తప్పేం కనిపించదు. ఫోన్ నంబర్ జనం నోట్లో నానడానికి అదొక ప్రకటన ఖర్చు, దానివల్ల పది మంది స్టీరింగ్ వదిలితే మంచిదే. నా అభ్యంతరం రసీదు మీద. తాగినవాడిని ముందు డబ్బు కట్టమని, కాగితం దాచిపెట్టమని, వారంలో పంపమని అడిగే పథకం తాగనివాడి బుర్రలో పుట్టింది.

బీరు కంపెనీల సంగతి కూడా చెప్పాలి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో కొత్త సంవత్సరం రాత్రి బస్సులు ఉచితంగా తిరగడానికి మిల్లర్ బీరు కంపెనీ ఏళ్ల తరబడి ఖర్చు పెట్టింది. అమ్మేదీ వాళ్లే, దింపేదీ వాళ్లే. అయినా బస్సు పథకానికి ఒక సుగుణం ఉంది. కోడ్ అక్కర్లేదు, రసీదు అక్కర్లేదు, తాగావా లేదా అని ఎవరూ అడగరు. ఎక్కి కూర్చోవడమే. లండన్‌లోనూ డిసెంబర్ 31 రాత్రి 11:45 నుంచి తెల్లవారుజాము 4:30 దాకా బస్సులు, భూగర్భ రైళ్లు ఉచితంగా నడిపేది ఇందుకే. లక్షలమంది ఒకేచోట చేరిన నగరంలో ఇది క్యాబ్ కూపన్ కన్నా వెయ్యి రెట్లు నయం. బస్సే లేని పల్లెకి మాత్రం దీంతో ఒరిగేదేమీ లేదు.

ముందే చెప్పాలా, చెప్పకూడదా?

ఉచిత సర్వీసులు నడిపేవాళ్ల మధ్య పైకి కనిపించని ఒక తగవుంది. "ఎలాగూ ఫ్రీగా దింపుతారు కదా" అని జనం ఇంకో రెండు గ్లాసులు ఎక్కువ తాగరా?

ఫ్లోరిడాలో 1998లో మొదలైన 'టో టు గో' ఈ భయంతోనే నియమాలు రాసుకున్నట్టుంది. వాహనదారుల సంఘం ట్రిపుల్ ఎ నడిపే ఈ సర్వీసులో టో ట్రక్కు వచ్చి కారునీ మనిషినీ 10 మైళ్ల లోపు ఏదైనా భద్రమైన చోటికి చేరుస్తుంది. సభ్యులు కానివాళ్లకీ ఉచితమే. ముందుగా బుక్ చేసుకోవడానికి మాత్రం ఒప్పుకోరు. వేరే దారేదీ లేనప్పుడే పిలవమంటారు. ఆఖరి ఆసరాగా ఉంటాం గానీ మీ సాయంత్రం ప్లాన్‌లో భాగం కాము అన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలబడింది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రపు పల్లెల్లో నడిచిన 'రోడ్ క్రూ'. విస్కాన్సిన్ యూనివర్సిటీ మార్కెటింగ్ ప్రొఫెసర్ మైఖేల్ రాత్‌చైల్డ్ బృందం ఎక్కువగా తాగి నడిపేవాళ్లెవరో చూసింది. 21 నుంచి 34 ఏళ్ల మగవాళ్లు. వాళ్లకి నీతులు చెప్పకుండా, మీకేం కావాలని అడిగారు. వాళ్లకి కావాల్సింది సాయంత్రం సరదాగా గడవడం, ఒక బార్ నుంచి ఇంకో బార్‌కి వెళ్లగలగడం, చూడ్డానికి నామోషీ లేని బండి. సరే అని పాత లిమోజిన్లు తెచ్చి, కొద్దిపాటి డబ్బు తీసుకుని, ఇంటి దగ్గర ఎక్కించుకుని, బార్ల మధ్య తిప్పి, రాత్రి దింపారు. "తాగుబోతులకి కారిచ్చి తిప్పుతారా!" అని పెద్దమనుషులు మండిపడే పథకమే ఇది. కానీ మొదటి ఏడాది ఆ ఊళ్లలో మద్యం వల్ల జరిగే ప్రమాదాలు 17 శాతం తగ్గాయని వాళ్ల అధ్యయనం తేల్చింది. తాగుడు పెరిగిన ఆనవాళ్లూ కనిపించలేదు.

ఎందుకు పని చేసిందో ఆలోచిస్తే మళ్లీ కారు దగ్గరికే వస్తాం. సాయంత్రం ఆరింటికి, ఒంట్లో చుక్క లేని వేళ, లిమోజిన్ ఎక్కినవాడి కారు ఇంట్లోనే ఉంది. అర్ధరాత్రి అతను తీసుకోవాల్సిన నిర్ణయమే లేదు, జేబులో తాళమే లేదు. తాగనని మాటిచ్చిన ఒక స్నేహితుడిని డ్రైవర్‌గా పెట్టుకునే పద్ధతి బలం కూడా ఇదే. స్కాండినేవియాలో ఉన్న ఆ అలవాటుని 1988లో హార్వర్డ్ ప్రజారోగ్య విభాగం టీవీ సీరియళ్ల సంభాషణల్లోకి చొప్పించి అమెరికా అంతా పాకించింది. బలహీనతా తెలిసిందే: చాలాసార్లు ఆ స్నేహితుడంటే అస్సలు తాగనివాడని కాదు, అందరికన్నా తక్కువ తాగినవాడని అర్థమైపోతుంది.

మరి ఎక్కువ తాగుతారన్న భయం ఉత్తదేనా? పూర్తిగా కాదు. వాషింగ్టన్ మెట్రో రైళ్లు అర్ధరాత్రి దాటాక కూడా నడవడం మొదలుపెట్టాక ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కలు తీశారు. స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దగ్గర్లో బార్లున్న చోట తాగి నడిపి పట్టుబడేవాళ్లు తగ్గారు, అదే చోట తాగి గొడవలు చేసి పట్టుబడేవాళ్లు పెరిగారు. నన్నడిగితే ఈ బేరం ఒప్పుకోదగ్గదే. ఫుట్‌పాత్ మీద తూలేవాడు అరుస్తాడు, వాంతి చేసుకుంటాడు. ఎదురుగా వచ్చే కార్లోని పిల్లల్ని చంపడు.

కొలవడంలో తిరకాసు

"ఈ పండగకి ఇన్ని వేలమందిని దింపాం" అని ప్రతి సర్వీసూ చెప్పుకుంటుంది. ఆ సంఖ్యని ఆగిన ప్రమాదాల సంఖ్యగా చదవకూడదు. దిగినవాళ్లలో ఎందరో ఎలాగూ క్యాబ్‌లోనే వెళ్లేవాళ్లు, ఫ్రీ అనగానే కోడ్ కొట్టినవాళ్లు. ఎక్కకపోతే నిజంగా నడిపేవాళ్లు ఎంతమందో తెలియాలి, అది రసీదులో ఉండదు. పైగా పండగంటే రెండు మూడు రాత్రులు. అదే రాత్రుల్లో పోలీసు తనిఖీలు పెరుగుతాయి, వాతావరణం మారుతుంది, ఊరు సగం ఖాళీ అవుతుంది. వీటిలో ఉచిత క్యాబ్ వాటా ఎంతో వేరు చేయడం దాదాపు అసాధ్యం.

అందుకే గట్టి ఆధారాలు ఏడాది పొడుగునా నడిచే సర్వీసుల నుంచే వచ్చాయి. కొలరాడోలోని ఆస్పెన్ పట్టణంలో 1983 నుంచి 'టిప్సీ టాక్సీ' ఉంది. బార్‌లో మందు పోసేవాళ్లూ పోలీసులూ మనిషిని చూసి, చీటీ రాసిచ్చి టాక్సీ ఎక్కిస్తారు. అక్కడి కౌంటీలో (మన జిల్లా లాంటిది) గాయాలయ్యే ప్రమాదాలు 15 శాతం తగ్గాయని 2000లో వచ్చిన అధ్యయనం చెప్పింది. గమనించండి, అక్కడ నిర్ణయం తాగినవాడి మీద వదల్లేదు. ఎదురుగా తాగకుండా నిలబడ్డ మనిషి తీసుకుంటాడు. ఉబర్ లాంటి యాప్‌లొచ్చాక ప్రమాదాలు తగ్గాయా అన్నదానికి మాత్రం ఒకే జవాబు లేదు. కాలిఫోర్నియా లెక్కలు తగ్గాయన్నాయి. అమెరికాలోని నూరు పెద్ద నగర ప్రాంతాలు కలిపి చూసిన అధ్యయనానికి తేడా కనిపించలేదు. డబ్బు, ఫోన్, క్యాబ్ మూడూ అందుబాటులో ఉన్నా కారు పక్కనే ఉన్నవాడి సమస్య తీరదనుకుంటే, ఆ రెండో ఫలితం నాకు పెద్దగా ఆశ్చర్యం కాదు.

చావులెక్కువ మామూలు రోజుల్లోనే అని ముందే చూశాం, అయినా పండగ సర్వీసులు దండగని దీనర్థం కాదు. ఏడాదికి రెండుసార్లే తాగేవాడు, తన మోతాదు తనకే తెలియనివాడు, తెలియని ఊళ్లో చుట్టాలింటికొచ్చినవాడు ఆ రాత్రుల్లోనే రోడ్డు మీదుంటాడు. క్యాబ్‌లు దొరకనిదీ ఆ రాత్రుల్లోనే.

ఉచిత క్యాబ్ పథకాల్లో ఒక రంధ్రం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మనం మొదట చూసిన మనిషి తాళం జేబులో పెట్టుకుని, బుద్ధిగా కోడ్ కొట్టి, క్యాబ్‌లో ఇంటికెళ్లాడనుకుందాం. ఒంటిగంటకి అతని రక్తంలో ఆల్కహాల్ 0.16 శాతం ఉంది. ఆరు గంటలు నిద్రపోయాడు. ఏడింటికి లేచేసరికి కాలేయం 0.09 కరిగించింది, ఇంకా 0.07 మిగిలింది. తలనొప్పి తప్ప తేడా ఏం తెలియదు, స్నానం చేశాడు, కాఫీ తాగాడు. ఎనిమిదింటికల్లా కారు తీసేయకపోతే ఫైన్ వేస్తారు, కాబట్టి ఇంకో క్యాబ్‌లో బార్ దగ్గరికి వెళ్లాడు. ఇప్పుడు 0.055. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డ్రైవర్లకి చట్టం పెట్టిన హద్దు 0.08 కాబట్టి అక్కడ గండం గడిచినట్టే. 2018 డిసెంబర్ 30 నుంచి యూటా రాష్ట్రంలో హద్దు 0.05. రాత్రంతా జాగ్రత్తగా తప్పించుకున్న కేసు పట్టపగలు, ఎండలో, అతని కోసం పార్కింగ్‌లో ఎదురుచూస్తోంది. ఎర్రముక్కు దళం దింపినవాడి కారు ఆ వేళకి ఇంటి ముందే ఉంది, అతను ఇంకా దుప్పట్లో ఉన్నాడు.